కొత్తగా లాన్ మోవర్ కొన్న అమెరికా తెలుగువాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

డల్లాస్, ఆస్టిన్, షార్లెట్, అట్లాంటా, న్యూజెర్సీ, ఇలా ఎక్కడైనా సరే, కొత్తగా ఇల్లు కొనుక్కుని జీవితంలో మొదటిసారి మోవర్ పట్టుకుంటున్న తెలుగువాళ్ల కోసం రాసింది ఇది. వెనక నడుస్తూ తోసుకెళ్లే మోవర్ గురించి మాత్రమే చెబుతున్నాను. ఎక్కి కూర్చుని నడిపేదాని సంగతి వేరు, దాని జాగ్రత్తలు కొన్ని దీనికి పూర్తిగా తిరగబడతాయి. మన ఊళ్లలో ఇంటి ముందు ఇంత గడ్డి పెంచి కోసే అలవాటు లేదు కాబట్టి ఇది చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లని చూసి వచ్చిన పని కాదు. పక్కింటి అమెరికన్‌కి ఆలోచించకుండానే తెలిసిన విషయాలు మనకి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

తోసుకెళ్లే చిన్న మెషినే కదా, దీనికి ఇంత టెన్షన్ అవసరమా?

టెన్షన్ అక్కర్లేదు కానీ కింద ఏం తిరుగుతోందో తెలియాలి. మామూలు మోవర్ డెక్ కింద, అంటే బ్లేడ్‌ని కప్పి ఉంచే గిన్నె లాంటి భాగం కింద, దాదాపు 21 అంగుళాల ఉక్కు బ్లేడ్ ఉంటుంది. దాని కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదని అమెరికాలో పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం, అంటే ఆ హద్దు దగ్గర గంటకు 215 మైళ్లకు పైనే. ఆ వేగంలో బ్లేడుకి ఒక గులకరాయో మేకో తగిలితే అది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు, కాలు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

1970ల చివర్లో ఇక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ లెక్క వేస్తే, మోవర్ బ్లేడ్ తగిలి గాయపడేవాళ్లు ఏడాదికి సుమారు 77,000 మంది అని తేలింది. ఆ తర్వాతే రూల్స్ వచ్చాయి, మెషిన్లు మారాయి. అయినా ఇప్పటికీ ప్రతి వేసవిలో ఎమర్జెన్సీ గదులకి కోసుకున్న వేళ్లతో, కాళ్లతో జనం వస్తూనే ఉన్నారు, ఎందుకంటే మెషిన్ ఎంత మంచిదైనా దాని కిందకి చెయ్యి పెట్టేది మనిషే. ఇందులో ఎక్కువ భాగం తప్పించుకోగలిగేవే. నా ఉద్దేశంలో ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంటుందంటే అది ఇదే కావాలి: ఇంజిన్ ఆగడం వేరు, బ్లేడ్ ఇక కదల్లేని స్థితికి రావడం వేరు. దీని గురించి కింద వివరంగా చెబుతాను.

హ్యాండిల్ మీద బార్ వదిలితే చాలు ఇంజిన్ ఆగిపోతోంది. ప్రతిసారీ తాడు లాగి స్టార్ట్ చేయలేక చస్తున్నాం. దాన్ని హ్యాండిల్‌కి కట్టేస్తే తప్పేంటి?

దయచేసి కట్టకండి. తాడుతో, జిప్ టైతో, బట్టల క్లిప్పుతో, దేనితోనూ కట్టకండి. 1982 జూన్ 30 తర్వాత తయారై ఇక్కడ అమ్ముడయ్యే ఇలాంటి ప్రతి మోవర్‌లోనూ చెయ్యి వదిలిన 3 సెకన్లలో బ్లేడ్ ఆగి తీరాలని ఫెడరల్ రూల్. మీరు కాలు జారి పడ్డా, కందిరీగ కుట్టి వెనక్కి గెంతినా, బాబు పరిగెత్తుకుంటూ వస్తే అటు తిరిగినా, మీ చెయ్యి దానంతటదే బార్ వదిలేస్తుంది. ఆ క్షణం కోసమే అది ఉంది. కట్టేస్తే 1982కి ముందు మోవర్ వాడుతున్నట్టే.

మాటిమాటికీ స్టార్ట్ చేయడమే మీ బాధ అయితే దానికి సరైన దారులున్నాయి. బటన్ నొక్కితే స్టార్టయ్యే మోవర్లు దొరుకుతాయి. ఇంకొంచెం ఖర్చు పెడితే, చెయ్యి వదిలినప్పుడు బ్లేడ్ మాత్రం ఆగి ఇంజిన్ నడుస్తూ ఉండే రకం కూడా ఉంది, గడ్డి బ్యాగ్ పదేపదే ఖాళీ చేసేవాళ్లకి అది చాలా సుఖం. అవేమీ వద్దు, ఉన్నదే బాగా స్టార్ట్ అవ్వాలంటే స్పార్క్ ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ మార్చి, కొత్త గ్యాస్ (అంటే పెట్రోల్) పోసి చూడండి. పది సార్లు లాగాల్సి వస్తోందంటే సాధారణంగా లోపం బార్‌లో ఉండదు, పాత గ్యాస్‌లో ఉంటుంది.

గ్యాస్‌ది కొనాలా, బ్యాటరీదా? ఏది సేఫ్?

ముందు వెనక యార్డులు కలిపి పావు ఎకరంలోపు ఉంటే నేనైతే బ్యాటరీదే కొనమంటాను. గ్యాస్ డబ్బా ఇంట్లో ఉండదు, పొగ ఉండదు, శబ్దం తక్కువ, వేడి సైలెన్సర్ తగిలి చెయ్యి కాలడం ఉండదు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకైతే ఈ ప్రశ్నే దాదాపు లేదు, 2024 నుంచి కొత్తగా తయారయ్యే మోవర్లు అక్కడ పొగ లేనివే అయ్యుండాలి, ఇంతకుముందు కొన్న గ్యాస్ మోవర్ వాడుకోవడానికి మాత్రం అడ్డు లేదు.

కానీ బ్యాటరీది సేఫ్ అని నిర్లక్ష్యం వద్దు. బ్లేడ్ అదే, గాయం అదే. పైగా గ్యాస్ ఇంజిన్ అరుస్తుంది కాబట్టి నడుస్తోందని వీధి చివరకి కూడా తెలుస్తుంది, బ్యాటరీది అంతగా వినపడదు. దాని కింద చెయ్యి పెట్టాల్సి వస్తే సేఫ్టీ కీ తీసేయాలి, బ్యాటరీ కూడా బయటికి లాగి పక్కన పెట్టాలి. రెండూ.

వైరుతో నడిచే కరెంట్ మోవర్ అయితే బయటి వాడకానికి చేసిన మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరే వాడాలి, షాక్ కొట్టకుండా ఆపే బటన్ ఉన్న సాకెట్‌లోనే పెట్టాలి, సాకెట్ దగ్గర మొదలుపెట్టి దూరంగా జరుగుతూ కోయాలి. అప్పుడు వైరు ఎప్పుడూ కోసేసిన గడ్డి మీదే ఉంటుంది, బ్లేడ్ కిందకి రాదు.

చెప్పులు వేసుకుని కోయొచ్చా? పది నిమిషాల పనే కదా.

వద్దు. క్రాక్స్, స్లిప్పర్లు, ఒట్టి కాళ్లు, ఏవీ వద్దు. వీలైతే ముందు భాగం గట్టిగా ఉండే బూట్లు, లేకపోతే కనీసం పట్టు ఉన్న మందపాటి షూ. కాళ్లు కప్పే ప్యాంటు వేసుకోండి, ఎండాకాలం టెక్సస్‌లో అది కష్టమే అని నాకూ తెలుసు, అయినా రాళ్లు ఎగిరి పిక్కలకి తగిలేది అప్పుడే. కళ్లకి సేఫ్టీ గ్లాసెస్ కావాలి, మామూలు కళ్లద్దాలు పక్క నుంచి వచ్చేదాన్ని ఆపలేవు.

చెవుల సంగతి మనవాళ్లు అసలు పట్టించుకోరు. గ్యాస్ మోవర్ దగ్గర శబ్దం 85 నుంచి 90 డెసిబెల్స్ దాకా ఉంటుంది, ఎక్కువ సేపు వింటే వినికిడి తగ్గించే స్థాయి అది. చెవి మొత్తం కప్పే మఫ్ కొనుక్కోండి. ఇయర్‌బడ్స్ పెట్టుకుని, ఆ మోత మీద పాట వినపడేలా సౌండ్ పెంచడం రెండింతల నష్టం. ఇంకొకటి, శనివారం పొద్దున ఇక్కడ గడ్డి కోసే టైమ్‌కి ఇండియాలో సాయంత్రం, అమ్మావాళ్లకి ఫోన్ చేసే టైమ్ అదే. కోస్తూ మాట్లాడకండి. ఒక చెయ్యి ఫోన్ మీద, ధ్యాస మాటల మీద ఉంటే వెనక ఎవరొచ్చారో తెలియదు.

మొదలుపెట్టే ముందు యార్డులో ఏం చూడాలి?

మోవర్ బయటికి తీసే ముందు ఖాళీ చేతుల్తో ఒకసారి యార్డంతా నడవండి. కొత్త సబ్‌డివిజన్లలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే బిల్డర్ మనుషులు వదిలేసిన మేకులు, ఇటుక ముక్కలు, వైరు తునకలు మొదటి రెండేళ్లూ గడ్డిలోంచి పైకి వస్తూనే ఉంటాయి. ఇంటర్నెట్ కేబుల్ వేయడానికి వచ్చినవాళ్లు నేలలో గుచ్చిపోయే చిన్న రంగు జెండాలు చూశారా, వాటికి పుల్ల బదులు సన్నటి ఇనప తీగ ఉంటుంది. జెండా ఊడిపోయి తీగ ఒక్కటే గడ్డిలో మిగిలితే కంటికి కనపడదు, బ్లేడ్ దాన్ని తెంపి విసిరితే సూదిలా దిగబడుతుంది. అలాంటివి కనపడితే పీకి చెత్తబుట్టలో వేయండి. కేబుల్ పని అయిపోయిందో లేదో తెలియకపోతే జెండా చుట్టూ వదిలేసి కోయండి.

పట్టీలుగా పరిచిన కొత్త లాన్ అయితే కొన్నిటికి అడుగున ప్లాస్టిక్ వల ఉంటుంది, వేరు పట్టకముందే కోస్తే పట్టీ లేచి వల బ్లేడుకి చుట్టుకుంటుంది. కొస పట్టుకుని మెల్లగా లాగి చూడండి, లేస్తుంటే ఇంకా ఆగాలి.

పైకి లేచి దిగకుండా ఉండిపోయిన స్ప్రింక్లర్ తలలు, కుక్క బొమ్మలు, ఎముకలు, నీళ్ల పైపు, పిల్లల బంతులు, ఇవన్నీ తీసేయాలి. దక్షిణాది రాష్ట్రాల్లో నిప్పు చీమల పుట్టలు కూడా చూసుకోండి, వాటి మీద నిలబడి బ్యాగ్ ఖాళీ చేశారంటే కాళ్లంతా పొక్కులే. నేలలో బొరియలోంచి పసుపు కందిరీగలు వస్తూ పోతూ కనపడితే ఆ పక్కకి ఆ రోజు పోవద్దు.

కొత్త గ్యాస్ మోవర్ వచ్చింది. గ్యాస్ పోసి లాగేయడమేనా?

ఆగండి, ముందు ఆయిల్. చాలా కొత్త మోవర్లు ఇంజిన్‌లో ఆయిల్ లేకుండానే వస్తాయి, సీసా విడిగా బాక్స్‌లో ఉంటుంది. ఆయిల్ లేకుండా స్టార్ట్ చేస్తే కొద్ది నిమిషాల్లో ఇంజిన్ పాడైపోతుంది. ఏ ఆయిల్, ఎంత అన్నది మాన్యువల్‌లో చూసి పోయండి, గుర్తు దాటి ఎక్కువ పోయడం కూడా మంచిది కాదు.

గ్యాస్ బంకులో ఇంకో జాగ్రత్త. ఇథనాల్ 10 శాతం దాకా ఉన్న మామూలు గ్యాస్ చాలు. 15 శాతం కలిపినది, అంటే చాలా చోట్ల 88 అంకెతో కాస్త చవగ్గా అమ్మేది, మోవర్లలో వాడకూడదు. పంప్ మీద అతికించిన లేబుల్‌లోనే ఆ మాట రాసి ఉంటుంది.

గ్యాస్ డబ్బా నింపడంలో, మోవర్‌లో పోయడంలో ప్రమాదం ఏముంది?

ఎర్ర డబ్బా గ్యాస్‌కి, నీలం కిరోసిన్‌కి, పసుపు డీజిల్‌కి. నీళ్ల క్యాన్‌లోనో పాల డబ్బాలోనో పట్టకండి. బంకులో డబ్బాని కారు డిక్కీలో ఉంచి నింపొద్దు, కిందకి దించి నేల మీద పెట్టి, గొట్టం డబ్బా అంచుకి ఆనించి నింపాలి. కార్పెట్ మీదో ప్లాస్టిక్ మీదో ఉన్న డబ్బాకి స్టాటిక్ కరెంట్ పట్టి నిప్పురవ్వ పుట్టడం నిజంగానే జరుగుతుంది.

మోవర్‌లో పోయడం ఎప్పుడూ బయట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. మధ్యలో అయిపోతే పదిహేను నిమిషాలు కూర్చుని మజ్జిగ తాగండి, తర్వాత పోయండి. వేడి సైలెన్సర్ మీద నాలుగు చుక్కలు పడితే చాలు మంటకి. గరాజ్‌లో పోయకపోవడానికి ఇంకో కారణం ఉంది. గ్యాస్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది, చాలా ఇళ్లలో మంటతో నడిచే వాటర్ హీటర్ ఉండేది గరాజ్‌లోనే. గ్యాస్ డబ్బా దాని దగ్గర పెట్టొద్దు. మోవర్‌ని గరాజ్‌లో స్టార్ట్ చేసి చూడొద్దు కూడా, తలుపు ఎత్తే ఉన్నా సరే, కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు.

కోస్తుండగా గడ్డి అడ్డుపడి ఆగిపోయింది. ఏం చేయాలి?

ఈ పేజీలో అన్నిటికన్నా నిదానంగా చదవాల్సిన జవాబు ఇది. ఎంత చదువుకున్నవాళ్లకైనా, ఎన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లకైనా వేళ్లు పోయేది ఇక్కడే.

తడి గడ్డి ముద్దగా అయ్యి పక్కన గడ్డి బయటికి వచ్చే నోటి దగ్గర పేరుకుంటుంది. మోత మారుతుంది, ఇంజిన్ మూలుగుతుంది. చూస్తే పచ్చటి ముద్ద బయటికే కనపడుతుంది, చేత్తో లాగితే వచ్చేసేలా ఉంటుంది. ఆ లాగేయాలన్న తొందరే ప్రమాదం. ఆ ముద్దకి వెనక జానెడు దూరంలో బ్లేడ్ ఉంది.

బార్ వదలండి. బ్లేడ్ తిరిగే శబ్దం పూర్తిగా పోయేదాకా నిలబడే ఉండండి, వంగొద్దు. గ్యాస్ మోవర్ అయితే ఇప్పుడు స్పార్క్ ప్లగ్ మీది రబ్బరు టోపీ పట్టుకుని లాగి, వైరుని ప్లగ్‌కి మళ్లీ తగలకుండా పక్కకి మడిచి పెట్టండి. బ్యాటరీదైతే కీ, బ్యాటరీ రెండూ తీయండి. తర్వాత కూడా చెయ్యి పెట్టకండి, ఒక కర్రో పాత చెక్క గరిటో తీసుకుని ముద్దని బయటికి తోయండి. చేతికి మందపాటి గ్లవ్స్ ఉండాలి.

ఇంజిన్ ఆగిపోయింది కదా, ప్లగ్ వైరు ఎందుకు తీయడం అని చాలామంది అడుగుతారు. గ్యాస్ మోవర్ ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టడానికి బ్యాటరీ అక్కర్లేదు, పైన తిరిగే చక్రానికి బిగించిన అయస్కాంతమే ఆ కరెంట్ పుట్టిస్తుంది. బ్లేడ్ ఆ చక్రం ఉన్న ఇరుసుకే కింద బిగించి ఉంటుంది. అంటే మీరు అడుగు నుంచి బ్లేడ్‌ని చేత్తో తిప్పడం, పైన స్టార్టర్ తాడు లాగడం ఒకటే పని. బార్ వదిలినప్పుడు రవ్వ రాకుండా ఆపే వైరు ఒకటి ఉంటుంది, పాత మోవర్లలో అది తెగిపోయినా పైకి తెలియదు. అదీ కాకుండా సిలిండర్‌లో నొక్కుకుపోయి ఉన్న గాలి, అడ్డు తీయగానే బ్లేడ్‌ని కొంత దూరం విసురుగా వెనక్కి తిప్పగలదు. వేలికి అది చాలు.

కింద శుభ్రం చేయడానికి మోవర్ వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి వచ్చేలా వంచండి. ఇంకో వైపు వంచితే ఇంజిన్ ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టర్‌లోకి దిగి తర్వాత స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ కమ్ముకుంటుంది.

కోస్తూ వెనక్కి లాగొచ్చా?

వీలైనంతవరకు వద్దు. వెనక్కి లాగితే మోవర్ మన పాదాల మీదకే వస్తుంది, మడమ దేనికో తట్టుకుని పడితే కాళ్లు నేరుగా డెక్ కిందకి పోతాయి. మూలల దగ్గర కాస్త లాగక తప్పకపోతే ముందు వెనక్కి తిరిగి చూసి, ఒక్క అడుగే లాగండి. వెనక వేలాడే రబ్బరు తెర ఉంటుంది, అది మీ కాళ్లకి రక్షణ, అడ్డంగా ఉందని తీసేయొద్దు. గడ్డి బయటికి వచ్చే నోటి మీది మూత కూడా అంతే.

మా బ్యాక్‌యార్డ్ వాలుగా ఉంది. ఎటు నుంచి ఎటు కోయాలి?

అడ్డంగా. పైకీ కిందకీ కాదు. కిందకి తోసేటప్పుడు జారితే మోవర్ మీదకి మీరు పడతారు, పైకి తోసేటప్పుడు జారితే మీ మీదకి మోవర్ వస్తుంది. ఎక్కి నడిపే మోవర్‌కి మాత్రం పైకీ కిందకే నడపాలి, అడ్డంగా పోతే బోల్తా పడుతుంది, అందుకే యూట్యూబ్‌లో చూసేటప్పుడు అది ఏ మోవరో గమనించండి. చాలా మాన్యువల్స్ 15 డిగ్రీలు దాటిన వాలు మీద వాడొద్దంటాయి, అంటే 10 అడుగుల దూరానికి సుమారు 2.7 అడుగుల ఎత్తు. అంతకన్నా నిటారుగా ఉంటే అక్కడ గడ్డి తీసేసి నేలని కప్పే మొక్కలేవైనా వేయించుకోవడం మేలు.

పిల్లలు చూస్తామంటున్నారు, తోస్తామంటున్నారు. ఎన్నేళ్లకి ఇవ్వొచ్చు?

అమెరికన్ పిల్లల డాక్టర్ల అకాడమీ చెప్పేది: తోసుకెళ్లే మోవర్‌కి కనీసం 12 ఏళ్లు, ఎక్కి నడిపేదానికి 16. ఇవి కనీస వయసులు, 12 నిండిన ప్రతి పిల్లాడికీ ఇచ్చేయమని కాదు. మాట వినే పిల్లాడా, హ్యాండిల్ అందే ఎత్తు ఉందా, చెప్పింది గుర్తుంటుందా అన్నది తల్లిదండ్రులే తేల్చుకోవాలి. మొదటి కొన్నిసార్లు పక్కనే ఉండి నేర్పాలి.

ఆరేళ్ల లోపు పిల్లలు మోవర్ నడుస్తున్నంత సేపూ ఇంట్లో ఉండాల్సిందే. కిటికీలోంచి చూడనివ్వండి. వాళ్లకి బొమ్మ మోవర్ ఉంటే అది వేసుకుని మీ వెనకే నడవాలనిపిస్తుంది, ముద్దుగానే ఉంటుంది, వీడియో తీయాలనిపిస్తుంది, కానీ ఆ అలవాటు అసలు చేయొద్దు. మోవర్ అంటే నాన్నతో ఆట అని వాడి మనసులో పడితే, మీరు చూడని రోజున పరిగెత్తుకుంటూ వస్తాడు. మీకు మోతలో వినపడదు, వెనక్కి లాగుతూ ఉంటారు. పిల్లల కాళ్లు పోయిన ప్రమాదాల్లో ఇలా జరిగినవి ఎన్నో.

ఇంట్లో ఒక పెద్దమనిషి ఉండి, గడ్డి కోసేదాకా పిల్లల్ని చూసుకోవడం ఆ మనిషి పని అని ముందే మాట్లాడుకోండి. ఇద్దరూ ఎదుటివాళ్లు చూస్తున్నారనుకోవడం అన్నిటికన్నా చెడ్డది. బ్యాక్‌యార్డ్ తలుపు గడియ పెట్టండి. ఎవరైనా కనపడితే బార్ వదిలేయండి, చెయ్యి ఊపి వెళ్లమని చెప్పడం కాదు.

మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చారు. ఖాళీగా కూర్చోలేక మేము ఆఫీసుకి వెళ్లగానే గడ్డి కోసేస్తున్నారు. ఎలా చెప్పాలి?

ఈ ప్రశ్న ప్రతి తెలుగు ఇంట్లోదీ. పొలంలో ట్రాక్టర్ నడిపిన మనిషికి మోవర్ ఒక లెక్కా అనిపిస్తుంది, పిల్లలకి సాయం చేశానన్న తృప్తి ఆయనకి కావాలి. ముట్టుకోవద్దని గట్టిగా చెబితే చిన్నబుచ్చుకుంటారు, మీరు లేనప్పుడు చేస్తారు. కాబట్టి నేర్పించడమే మంచిది. శనివారం ఆయనతో కలిసి మొదలుపెట్టండి. "నాన్నా, ఈ బార్ ఎందుకుందో చూడండి, ఇది వదిలాక ఇంతసేపటికి ఆగుతుంది" అని చేసి చూపించండి. పంచె, లుంగీ, చెప్పులతో వద్దని చెప్పి ఆయన సైజు బూట్లు కొనిపెట్టండి, బూట్లు ఉంటే వేసుకుంటారు.

ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం కోయొద్దని మాట తీసుకోండి. పడిపోయినా, దెబ్బ తగిలినా, గుండెలో నొప్పి వచ్చినా ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకి చిన్న గాయం కూడా త్వరగా ఆగదు. వినికిడి తగ్గినవాళ్లకి వెనక అలికిడి తెలియదు. విజిటర్ ఇన్సూరెన్స్ ఉందిలే అని ధీమా వద్దు, వాటిలో మనం కట్టుకోవాల్సిన భాగం, మినహాయింపులు చాలా ఉంటాయి, పాలసీ తీసి చదవండి. నిజంగా చూస్తే ఆయనకి ఇష్టమైన పని గడ్డి కోయడం కాకపోవచ్చు. ఒక మూల మడి చేసి బీరపాదు, గోంగూర, తోటకూర అప్పగించండి, పొద్దున లేస్తూనే అక్కడే ఉంటారు.

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి గడ్డి కోయమని లెటర్ వచ్చింది, బయట వాన. తడిలోనే కోసేయాలా?

వద్దు. తడి గడ్డి మీద కాలు జారుతుంది, చక్రాలు జారుతాయి, ముద్దలు కట్టి పైన చెప్పిన ఇబ్బంది మొత్తం మొదలవుతుంది. లెటర్‌లో సాధారణంగా కొన్ని రోజుల గడువు ఉంటుంది, ఒక ఈమెయిల్ పెడితే సరిపోతుంది. ఊరి చట్టాలకి కూడా కొంత హద్దు ఉంటుంది, డల్లాస్‌లో అయితే గడ్డి 12 అంగుళాలు దాటితేనే సిటీ వాళ్లు పట్టుకుంటారు. ఉరుము వినపడితే మోవర్ అక్కడే వదిలేసి లోపలికి రండి.

వేసవిలో మంచు ఆరాక పొద్దున, లేకపోతే ఎండ తగ్గాక సాయంత్రం కోయండి. జులైలో టెక్సస్ మధ్యాహ్నం 100 డిగ్రీల్లో కోయడం మీ ఒంటికీ మంచిది కాదు, గడ్డికీ కాదు.

సెలవులకి ఇండియా వెళ్లొచ్చేసరికి మోకాలిదాకా పెరిగింది. ఒకేసారి కొట్టేయొచ్చా?

ఒక్కసారికి మూడో వంతు కన్నా ఎక్కువ కోయకూడదన్నది లాన్ పెంచేవాళ్ల మాట, ఇది భద్రతకి కూడా పనికొస్తుంది. డెక్ అన్నిటికన్నా ఎత్తులో పెట్టి మెల్లగా ఒకసారి, నాలుగు రోజులాగి కాస్త దించి ఇంకోసారి. మోకాలి ఎత్తు గడ్డిలో రాళ్లు, పాములు, కుందేలు పిల్లలు ఏమున్నాయో కనపడవు, అందుకని ముందు ట్రిమ్మర్‌తో పైపైన కొట్టించి నడిచి చూడటం మేలు. ఎత్తు మార్చే లివర్ ఇంజిన్ ఆపాకే ముట్టుకోండి.

మామూలుగా అయితే బెర్ముడా గడ్డికి 1 నుంచి 2 అంగుళాలు, సెయింట్ అగస్టీన్‌కి సుమారు 3, ఉత్తరాన, కరొలినాల్లో కనిపించే ఫెస్క్యూకి 3 నుంచి 4.

బ్లేడ్ పదును నేనే పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ప్లగ్ వైరు తీసి, గ్లవ్స్ వేసుకుని, బ్లేడ్ తిరగకుండా డెక్‌కీ బ్లేడ్‌కీ మధ్య చెక్క ముక్క అడ్డం పెట్టి బోల్ట్ విప్పాలి. విప్పే ముందు ఫోటో తీసుకోండి, తిరగేసి బిగిస్తే కోయదు. ఆకురాయి పట్టాక మధ్య కన్నంలో మేకు దూర్చి గోడకి తగిలించి చూడండి, ఒక పక్క కిందకి వాలితే ఆ పక్క ఇంకొంచెం అరగదీయాలి. సమంగా లేని బ్లేడ్ మోవర్‌నంతా వణికిస్తుంది, బోల్ట్ వదులు చేస్తుంది. వంగినా, పగులు కనపడినా సరిచేయాలని చూడొద్దు, కొత్తది కొనండి. బోల్ట్ ఎంత బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది.

దెబ్బ తగిలితే వెంటనే ఏం చేయాలి?

శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి 911కి ఫోన్ చేయండి. గుడ్డ తడిసిపోతే తీయొద్దు, దాని మీదే ఇంకోటి వేసి నొక్కండి. వేలు తెగిపడితే దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు వేసిన నీళ్లలో పెట్టి హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. వేలుని నేరుగా ఐసు మీద పెడితే చర్మం, కండ పాడైపోయి అతికించడానికి పనికిరాదు. కంట్లో ఏదైనా గుచ్చుకుంటే రుద్దొద్దు, లాగొద్దు, నొక్కకుండా పైన ఒక కప్పు అడ్డం పెట్టి తీసుకెళ్లండి.

చిన్న గాయమే కదా అని పసుపు అద్ది వదిలేయకండి. మోవర్ గాయంలోకి మట్టి, గడ్డి, తుప్పు లోతుగా పోతాయి, పైకి మానినట్టు కనపడి లోపల చీము పడుతుంది. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని 5 ఏళ్లు దాటి ఉంటే డాక్టర్‌కి ఆ మాట చెప్పండి, మట్టి పట్టిన గాయానికి మళ్లీ వేస్తారు.

చలికాలం రాబోతోంది. మోవర్‌ని అలాగే పెట్టేయొచ్చా?

నెల రోజులకి మించి నిలవ ఉంటే గ్యాస్ చెడిపోవడం మొదలవుతుంది, కాబట్టి గ్యాస్ చెడిపోకుండా కాపాడే స్టెబిలైజర్ అనే ద్రవం దాంట్లో కలపండి లేదా ట్యాంక్ ఖాళీ అయ్యేదాకా బయట నడిపి ఆపండి. నోటితో పైపు పెట్టి గ్యాస్ లాగడం మన దగ్గర చూసిన అలవాటు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది, కొన్ని డాలర్లకి చేతి పంపు దొరుకుతుంది. బ్యాటరీ మోవర్ బ్యాటరీని చలి గరాజ్‌లో వదలకుండా ఇంట్లో పొడిగా ఉన్నచోట పెట్టండి.

ఇదంతా మా వల్ల కాదు, మనుషుల్ని పెట్టుకుంటాం. అప్పుడు మేం చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. వాళ్లు ఏ రోజు, ఏ టైమ్‌కి వస్తారో తెలుసుకుని ఆ టైమ్‌లో పిల్లలు, కుక్క లోపలే ఉండేలా చూడండి. వాళ్లు వాడేవి మన మోవర్ కన్నా పెద్దవి, వేగం ఎక్కువ, మీ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో వాళ్లకి తెలియదు. ముందు రోజు సాయంత్రమే యార్డులో బొమ్మలు, పైపులు తీసేయండి. కారు గడ్డి అంచు నుంచి దూరంగా ఆపుకోండి. పని చేసేవాళ్లకి ఇన్సూరెన్స్ ఉందో లేదో మాట్లాడుకునేటప్పుడే అడిగి కాగితం చూడండి, మీ యార్డులో వాళ్లకి దెబ్బ తగిలితే ఆ విషయం మీ దాకా రావచ్చు. ఎండలో పని చేస్తుంటే చల్లటి నీళ్ల సీసాలు ఇవ్వండి, అయితే మోవర్ నడుస్తుండగా దగ్గరికి వెళ్లొద్దు. ఎదురుగా దూరంగా నిలబడి, వాళ్లు చూసి ఆపాకే వెళ్లండి.